ముందు ఎన్ చెప్పాలా, ఎక్స్ చెప్పాలా: ఒక మిడ్‌సెమ్ వారం కేస్ స్టడీ

చెన్నైలో ఒక విశ్వవిద్యాలయంలో ఎంఎస్సీ గణితం మొదటి సంవత్సరానికి రియల్ అనాలిసిస్ చెబుతాను. ఈశాన్య రుతుపవనాల కాలంలో మిడ్‌సెమ్ పరీక్ష అయిన మరుసటి వారం క్లాసులో యూనిఫామ్ కన్వర్జెన్స్ నిరూపణ మీద ఒక తప్పు బయటపడింది. ఒకరిద్దరు చేసిన తప్పు కాదు, సగానికి పైగా పేపర్లలో ఒకే చోట, ఒకే రకంగా వచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చింది, వారం తిరిగేలోగా దాన్ని ఎలా సరిచేశాం అన్నది వివరంగా రాస్తున్నాను. డిగ్రీ, పీజీలో అనాలిసిస్ చెప్పే తెలుగు టీచర్లకు, ఆ పేపరంటేనే టెన్షన్ పడే పిల్లలకు ఇది పనికొస్తుందని నా ఆశ.

మా క్లాసులో తమిళ పిల్లలే ఎక్కువ. కేరళ నుంచి కొందరున్నారు, నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మన పిల్లలు కొందరున్నారు. సూళ్లూరుపేట నుంచి రోజూ లోకల్ రైల్లో వచ్చే అమ్మాయి ఒకరు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివింది. ఇంటిగ్రేషన్ ఇస్తే చేతికి అడ్డుండదు. ఈ పిల్లలందరికీ లెక్క చెయ్యడం వచ్చు. ఒక వాక్యం నిజమని మొదటి నుంచి చివరిదాకా వాదించి నిలబెట్టడం మాత్రం ఎవరూ వాళ్ల చేత చేయించలేదు. ఆ అవసరం వాళ్లకు ఎంఎస్సీలోనే మొదటిసారి ఎదురవుతుంది.

పేపర్లలో నేను అడిగింది పాత ప్రశ్నే. అవిచ్ఛిన్న ప్రమేయాల (గ్రాఫు ఎక్కడా తెగని ఫంక్షన్ల) అనుక్రమం, అంటే సీక్వెన్స్, ఒక అవధి ప్రమేయానికి యూనిఫామ్‌గా కన్వర్జ్ అయితే (అంటే ఒకే ఎన్ తర్వాత అన్ని బిందువుల దగ్గరా దానికి దగ్గరైతే), ఆ అవధి ప్రమేయం కూడా అవిచ్ఛిన్నమని నిరూపించండి. మూడు ముక్కల నిరూపణ అందరికీ తెలుసు. ఎక్స్ దగ్గర, దాని పక్కనే ఉన్న వై దగ్గర అవధి ప్రమేయం విలువల మధ్య తేడాను మూడుగా విడగొడతాం. ఎక్స్ దగ్గర అవధి నుంచి ఎన్-వ ప్రమేయానికి ఒక ముక్క, ఎన్-వ ప్రమేయంలో ఎక్స్ నుంచి వైకి రెండో ముక్క, వై దగ్గర ఎన్-వ ప్రమేయం నుంచి తిరిగి అవధికి మూడో ముక్క. ఒక్కో ముక్కనూ ఎప్సిలాన్‌లో (ముందే ఇచ్చిన, ఎంత చిన్నదైనా కాగల హద్దులో) మూడో వంతు కన్నా తగ్గిస్తే పని అయిపోతుంది.

సోమవారం సాయంత్రం దిద్దడానికి కూర్చుంటే మొదటి కొన్ని పేపర్లు బాగానే ఉన్నాయనిపించింది. మూడు ముక్కలూ ఉన్నాయి, ఎప్సిలాన్ బై 3 ఉంది, చివర్లో నిరూపించబడింది అన్న చిన్న చతురస్రం కూడా ఉంది. సూళ్లూరుపేట అమ్మాయి పేపర్ దగ్గర ఆగాను. ఆమె చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, అందుకని ప్రతి గీతా కనిపిస్తుంది. 'వై దగ్గర సీక్వెన్స్ కన్వర్జ్ అవుతుంది కనుక, ఒక పెద్ద ఎన్ ఉంటుంది' అని రాసింది. అంటే వై ముందు వచ్చింది, ఎన్ తర్వాత వచ్చింది. ఆ పేపర్లో 'యూనిఫామ్' అన్న మాటను వేలితో మూసి మళ్లీ చదివాను. నిరూపణలో ఎక్కడా ఒక్క అక్షరం మార్చాల్సిన అవసరం రాలేదు.

ఈ పరీక్షను ప్రతి అనాలిసిస్ టీచరూ అలవాటు చేసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఇచ్చిన షరతును తీసేసినా నిరూపణ చెక్కుచెదరలేదంటే, ఆ నిరూపణ ఆ షరతు లేని వాక్యాన్ని కూడా నిరూపించినట్టే. ఆ వాక్యం అబద్ధం. కాబట్టి నిరూపణలో ఎక్కడో చిల్లు ఉంది. మిగతా పేపర్లన్నీ ఇదే కళ్లతో చూశాను. సగం పైన ఇదే చిల్లు.

చిల్లు ఎక్కడుందో కూడా చెప్పాలి. వై దగ్గర పనిచేసే ఎన్ కావాలంటే ముందు వై ఏదో తెలియాలి. వై ఎక్స్‌కు ఎంత దగ్గరుండాలో తెలియాలంటే డెల్టా కావాలి. డెల్టా వచ్చేది ఎన్-వ ప్రమేయం అవిచ్ఛిన్నత నుంచి, కాబట్టి దానికి ముందు ఎన్ కావాలి. ఎన్‌కు వై కావాలి, వైకి డెల్టా కావాలి, డెల్టాకు ఎన్ కావాలి. పిల్లలు ఈ గుండ్రంలో తిరిగి బయటికొచ్చేశామనుకున్నారు. యూనిఫామ్ కన్వర్జెన్స్ చేసే పనల్లా ఈ గుండ్రాన్ని తెంచడమే. ఎక్స్, వైలు ఎవరో తెలియకముందే ఎన్‌ను చెప్పేయడానికి అది అనుమతి ఇస్తుంది.

ఆ వారం ఇదొక్కటే పని అయితే తీరిగ్గా చూసుకునేదాన్ని. శుక్రవారం సాయంత్రంలోగా ఇంటర్నల్ మార్కులు ఎక్కించాలి. ఒక జర్నల్‌కు రిఫరీ రిపోర్ట్ బాకీ ఉంది. నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అబ్బాయికి శుక్రవారం డాక్టోరల్ కమిటీ. అదే రోజు మధ్యాహ్నం సిలబస్ మీటింగ్. గురువారం తరమణిలో ఒక సెమినార్. విదేశాలకు అప్లై చేస్తున్న పిల్లలకు సిఫారసు ఉత్తరాలు. వీటి మధ్య ఆ క్లాసుకు మిగిలినవి మంగళవారం, బుధవారం లెక్చర్లు, శనివారం ట్యుటోరియల్.

మంగళవారం పేపర్లు ఇవ్వలేదు. ఇస్తే అందరి చూపూ మార్కుల మీదే ఉంటుంది, చెప్పేది చెవికెక్కదు. బదులుగా ఎవరి పేరూ లేకుండా ఆ నిరూపణను బోర్డు మీద యథాతథంగా రాశాను. పై వరుసలో 'యూనిఫామ్' అన్న మాట రాసి, డస్టర్‌తో చెరిపేశాను. 'ఇప్పుడు ఈ నిరూపణలో ఏ లైను తప్పయింది?' అని అడిగాను. క్లాసంతా కిందికీ పైకీ వెతికింది. ఎవరికీ దొరకలేదు. అప్పుడు పక్కన 0 నుంచి 1 వరకు ఎక్స్ పవర్ ఎన్ గీశాను. ఎన్ పెరిగేకొద్దీ వక్రం 1 దగ్గర నిలువునా లేస్తుంది. అవధిలో 1 దగ్గర విలువ 1, మిగతా అంతటా 0. ప్రతి ప్రమేయమూ అవిచ్ఛిన్నమే, అవధి మాత్రం తెగిపోయింది. ఎడమ పక్క నిరూపణ, కుడి పక్క దాన్ని కాదనే ఉదాహరణ. ఒక అబ్బాయి 'రెండూ నిజం కాలేవు కదా మేడమ్' అన్నాడు. నాకు కావాల్సింది ఆ మాటే.

అక్కడ కొంచెం చరిత్ర చెప్పాను. కాలక్షేపానికి కాదు, ఈ పొరపాటు వల్ల వాళ్లు తమని తాము తక్కువ చేసుకోకూడదని. 1821లో ఫ్రెంచ్ గణితవేత్త కోషీ తన పాఠ్యగ్రంథంలో, అవిచ్ఛిన్న ప్రమేయాల శ్రేణి కన్వర్జ్ అయితే మొత్తం కూడా అవిచ్ఛిన్నమేనని రాశాడు. యూనిఫామ్ అన్న షరతు అందులో లేదు. 1826లో నార్వే గణితవేత్త నీల్స్ అబెల్, అప్పటికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లవాడు, ఒక ఫుట్‌నోట్‌లో ఈ సిద్ధాంతానికి మినహాయింపులున్నాయని చెప్పి సైన్ ఎక్స్ మైనస్ సగం సైన్ 2ఎక్స్ ప్లస్ మూడో వంతు సైన్ 3ఎక్స్ అంటూ సాగే శ్రేణిని చూపించాడు. మైనస్ π (పై) నుంచి π వరకు లోపల దాని మొత్తం ఎక్స్ బై 2. సరిగ్గా π దగ్గర మాత్రం 0. అక్కడ తెగుతుంది. తేడా ఎక్కడుందో స్టోక్స్, సైడెల్ అనే గణితవేత్తలు విడివిడిగా 1847 ప్రాంతంలో పట్టుకున్నారు. 1853లో కోషీ స్వయంగా సవరించిన వాక్యంతో తిరిగొచ్చాడు. దీన్ని గణితంలో అందరి చేతి పనిముట్టుగా మార్చింది జర్మన్ గణితవేత్త వీయర్‌స్ట్రాస్ పాఠాలు. యూరప్‌లో అంతటి వాళ్లకు ముప్పై ఏళ్లు పట్టిన విషయం ఇది. మా పిల్లలకు సెమిస్టర్లో ఒకటిన్నర వారం ఇస్తున్నాం.

బుధవారం క్లాసులో అందరి చేతా నిరూపణ మళ్లీ రాయించాలనుకున్నాను. తెల్లవారకముందే వాన అందుకుంది, కలెక్టర్ సెలవు ప్రకటించారు. చెన్నైలో నవంబరు అంటే ఇది మామూలే. ఇంట్లో కూర్చుని రిఫరీ రిపోర్ట్ పూర్తిచేశాను, ఉత్తరాలు రాశాను. నిరూపణ రాయించే పని శనివారానికి పోయింది. వాయిదా మంచికే వచ్చిందని తర్వాత అర్థమైంది. ఆలోచించే వ్యవధి దొరికింది. మళ్లీ రాయిస్తే పిల్లలు సరైన వరుసను కంఠస్థం చేస్తారు, అంతే. వరుస ఎందుకు అలా ఉండాలో వాళ్ల వంటికి పట్టాలంటే ఇంకేదో చెయ్యాలి.

గురువారం వాన తగ్గింది. తరమణిలో మ్యాట్‌సైన్స్ అనే గణిత పరిశోధన సంస్థలో ఉపన్యాసం విని, నా స్కాలర్‌తో కలిసి ఎంఆర్‌టీఎస్ రైల్లో తిరిగొస్తున్నాను. విజయనగరం అబ్బాయి, విశాఖలో ఎంఎస్సీ చేశాడు. మరుసటి రోజు కమిటీ ముందు చూపించాల్సిన లెమ్మా (పెద్ద సిద్ధాంతానికి మెట్టుగా వాడే చిన్న ఫలితం) ఒకటి రెండు వారాలుగా అతన్ని తినేస్తోంది. ల్యాప్‌టాప్ తెరిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

అతని పని ఉష్ణ సమీకరణం మీద. అంచులన్నీ 0 డిగ్రీల దగ్గర పట్టి ఉంచిన ఒక పలకను ఊహించుకోండి. లోపల ఒక బిందువు దగ్గర ఒక యూనిట్ వేడి పెడితే, టీ అనే చిన్న సమయం తర్వాత అదే బిందువు దగ్గర ఎంత మిగులుతుంది? బిందువు అంచుకు దూరంగా ఉంటే జవాబు దాదాపు 1/(4 పై టీ). దీన్ని పలక అంతటా కూడితే ఒక మొత్తం వస్తుంది. పలక సహజ పౌనఃపున్యాల సమాచారమంతా ఆ మొత్తంలో ఉంటుంది. ఈ దారిలో పెద్ద అడుగు వేసినవాడు మన ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్‌గా ఉన్న మీనాక్షిసుందరమే. 1949లో స్వీడన్‌కు చెందిన ఆకే ప్లీజెల్‌తో కలిసి ఆయన పేపర్ రాశారు; చిన్న టీకి ఆ మొత్తాన్ని పదాలుగా విడగొట్టే విస్తరణను ఈనాటికీ ఆ ఇద్దరి పేర్లతోనే పిలుస్తారు. విశాఖలో చదివిన కుర్రాడు ఆ దారిలోనే పనిచేస్తున్నాడంటే నాకు ప్రత్యేకమైన సంతోషం.

'లెక్క కుదరడం లేదు మేడమ్' అన్నాడు. భుజం 1 ఉన్న చతురస్రం తీసుకున్నాడు. దానికి ఐగెన్ విలువలన్నీ (సహజ పౌనఃపున్యాలను నిర్ణయించే అంకెలన్నీ) తెలుసు కాబట్టి మొత్తాన్ని నేరుగా కంప్యూటర్లో కూడొచ్చు. టీ విలువ 0.01 పెట్టాడు. అతని లెమ్మా ప్రకారం దాదాపు 7.96 రావాలి. నేరుగా కూడితే 5.39 వస్తోంది. ఇంత తేడా దశాంశాలను రౌండ్ చెయ్యడం వల్ల రాదు.

లెమ్మా చూపించమన్నాను. 'ప్రతి బిందువు దగ్గరా మిగిలే దోషం ఒక స్థిరాంకం సి కన్నా చిన్నది' అని ఉంది. 'ఈ సి దేని మీద ఆధారపడింది నాన్నా?' అని అడిగాను. డొమైన్ మీద అన్నాడు. 'బిందువు మీద లేదా?' అన్నాను. కోటూర్‌పురం స్టేషన్ దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత తనే అన్నాడు: 'ఉంది మేడమ్. అంచుకు దగ్గరయ్యేకొద్దీ పేలిపోతుంది.'

అంచుకు డి దూరంలో ఉన్న బిందువు దగ్గర అసలు దోషం, మొదటి అంచనాకు, మైనస్ 1/(4 పై టీ) ఇంటూ e (ఈ) పవర్ మైనస్ డి స్క్వేర్ బై టీ. లోపల ఇది లెక్కలోకి రాదు. అంచు దగ్గర ఇది ప్రధాన పదమంత పెద్దది. డి మీద 0 నుంచి ఇన్ఫినిటీ దాకా ఇంటిగ్రేట్ చేస్తే మైనస్ 1/(8 రూట్ పై టీ) వస్తుంది, దాన్ని అంచు మొత్తం పొడవుతో హెచ్చించాలి. చతురస్రం చుట్టుకొలత 4. టీ 0.01 అయితే ఈ పదం మైనస్ 2.82. మూలల నుంచి 0.25 కలుస్తుంది. 7.96 నుంచి 2.82 తీసి 0.25 కలిపితే 5.39. రైల్లోనే, అతని నోట్‌బుక్ వెనక పేజీలో ఇదంతా సరిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. అంచనా యూనిఫామ్ కాకపోవడం ఇక్కడ చికాకు మాత్రమే కాదు. పలక చుట్టుకొలత ఎంతో చెప్పే పదం పుట్టిందే అక్కడ, అంచనా ఎక్కడ చెడిందో అక్కడ. 1966లో గణితవేత్త మార్క్ కాట్స్ (Kac) డప్పు శబ్దం విని దాని ఆకారం చెప్పగలమా అని అడిగినప్పుడు, చుట్టుకొలతను వినగలమని చెప్పడానికి ఆధారమైంది ఈ పదమే. మా స్కాలర్ యూనిఫామ్ అనుకుని దాటేసినది ఆ సమాచారాన్నే.

శుక్రవారం కమిటీలో అతను పాత లెమ్మాను, కొత్త లెమ్మాను పక్కపక్కనే పెట్టి చెప్పాడు. కమిటీ సంతృప్తి పడింది. సిలబస్ మీటింగ్ గురించి చెప్పాల్సింది ఒక్కటే. ఈ యూనిట్‌కు రెండు గంటలు ఎక్కువ కావాలని అడిగాను, కొత్తగా ఒక కంప్యూటింగ్ మాడ్యూల్ వస్తోంది కాబట్టి కుదరదన్నారు. ఆ నిర్ణయంతో నేను ఏకీభవించను. రికార్డులో అలాగే రాయించాను. మార్కులు గడువులోగా ఎక్కించాను. ఆ ప్రశ్నకు, ముక్కలు మూడూ ఉన్నా వరుస తప్పినవాళ్లకు సగం కన్నా తక్కువే ఇచ్చాను. బాధగానే ఉంటుంది. కానీ ఆ ప్రశ్న పరీక్షించిందే వరుసను.

శనివారం ట్యుటోరియల్‌లో నిరూపణ జోలికి వెళ్లలేదు. ఆట ఆడించాను. ముగ్గురు బోర్డు దగ్గరికి రావాలి. ఒకరు ఎప్సిలాన్ చెబుతారు, ఒకరు పెద్ద ఎన్ చెబుతారు, ఒకరు ఎక్స్ చెబుతారు. ఎన్ నుంచి మొదలుపెట్టి అన్ని ప్రమేయాలూ ఆ ఎక్స్ దగ్గర అవధికి ఎప్సిలాన్ లోపు ఉంటే ఎన్ చెప్పినవాళ్లు గెలిచినట్టు. నియమాలు రెండు రకాలు. పాయింట్‌వైజ్ ఆటలో ఎక్స్ ముందు మాట్లాడాలి. యూనిఫామ్ ఆటలో ఎన్ ముందు మాట్లాడాలి. హాస్టల్లో ప్రతి గదికీ ఒక తాళంచెవి ఉండటం వేరు, అన్ని గదులకూ పడే ఒకే తాళంచెవి ఉండటం వేరు అని మాత్రం చెప్పి పక్కకు తప్పుకున్నాను.

ఎక్స్ పవర్ ఎన్, 0 నుంచి 1 వరకు, 1ని వదిలేసి. ఎప్సిలాన్ పదో వంతు. మదురై అబ్బాయి ఎన్, సూళ్లూరుపేట అమ్మాయి ఎక్స్. మొదట పాయింట్‌వైజ్ ఆట. ఆమె 0.9 అంది. అతను ఫోన్లో చూసి 22 అన్నాడు, గెలిచాడు. ఆమె 0.99 అంది. అతను 300 అన్నాడు, గెలిచాడు. తర్వాత యూనిఫామ్ ఆట. ఇప్పుడు అతను ముందు చెప్పాలి. ధీమాగా 100 అన్నాడు. ఆమె 0.99 అంది. 0.99 పవర్ 100 అంటే 0.366. ఓడాడు. 1000 అన్నాడు. ఆమె 0.999 అంది. 0.368. క్లాసు నవ్వింది. అతను పది లక్షలు అన్నాడు. ఆమె ఈసారి ఫోన్ చూడలేదు. బోర్డు మీద '1 మైనస్ 1 బై ఎన్' అని రాసింది.

'ఎంత చెప్పినా ఇదే చెబుతాను మేడమ్. ప్రతిసారీ 0.368 దగ్గరికే వస్తుంది' అంది. అది 1 బై e అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. ఎన్ 2 కానీ అంతకన్నా ఎక్కువ కానీ అయితే ఆ విలువ పావు కన్నా తగ్గదని, కాబట్టి పదో వంతు ఎప్సిలాన్‌కు ఎన్ ఎప్పటికీ గెలవలేడని క్లాసే తేల్చింది. 0 నుంచి 0.9 వరకే ఆడితే? 22 చాలు, ఏ ఎక్స్ చెప్పినా ఎన్‌దే గెలుపు. ఎక్స్‌ను 1 దగ్గరికి పోనివ్వకపోతే కన్వర్జెన్స్ యూనిఫామ్ అవుతుందన్న సంగతి ఇలా, ఒక అంకెతో, వాళ్ల చేతికి వచ్చింది.

ఆ తర్వాత నా స్కాలర్‌ను పిలిచి చతురస్రం లెక్క పది నిమిషాలు చెప్పమన్నాను. 7.96, 5.39 బోర్డు మీద పడగానే క్లాసు నిశ్శబ్దమైంది. పీహెచ్‌డీ స్థాయిలో కూడా అడగాల్సిన ప్రశ్న అదేనని, 'ఈ సి దేని మీద ఆధారపడింది' అన్నదేనని వాళ్లు కళ్లారా చూశారు. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షకు తయారయ్యే పిల్లలు కొందరు దీన్ని వెంటనే పరీక్షకు అన్వయించుకున్నారు. పార్ట్ సీలో ఒకటి కానీ అంతకు మించి కానీ సరైన జవాబులుండొచ్చు, అన్నీ గుర్తిస్తేనే మార్కు. అక్కడ ఈ వరుస తెలియనివాళ్లకు ఉజ్జాయింపుతో గట్టెక్కే దారి లేదు. దాన్ని నేను తప్పుపట్టను. ఏ కారణంతో నేర్చుకున్నా నేర్చుకున్నట్టే.

చివరి అరగంటలో పేపర్లు ఇచ్చి, అదే నిరూపణను తెల్లకాగితం మీద మళ్లీ రాయమన్నాను. ఒక షరతు పెట్టాను. కొత్త అక్షరం ప్రవేశపెట్టిన ప్రతిచోటా, అది అంతకుముందు వచ్చిన ఏ అక్షరాల మీద ఆధారపడిందో పక్క మార్జిన్‌లో రాయాలి. ఎక్కువమంది మార్జిన్‌లో 'ఎన్: ఎప్సిలాన్ మీద మాత్రమే' అని వచ్చింది. డెల్టా దగ్గర 'ఎప్సిలాన్, ఎన్, ఎక్స్' అని వచ్చింది. కొందరు డెల్టా దగ్గర ఎన్‌ను మర్చిపోయారు. వాళ్లతో విడిగా కూర్చోవాలి, ఎందుకంటే వచ్చే నెల యూనిఫామ్ కంటిన్యుటీ దగ్గర అదే అడ్డం వస్తుంది. ఇద్దరు పాత పేపర్లోని వరుసనే మళ్లీ రాశారు. వాళ్లకు ఆట కాదు, ఇంకా వెనక్కి, సీక్వెన్స్ అవధి నిర్వచనం దగ్గరికే వెళ్లాలని నా అంచనా.

సూళ్లూరుపేట అమ్మాయి కాగితం ఇచ్చి, రైలుకు టైమవుతున్నా తలుపు దగ్గర ఆగింది.

'మేడమ్, ఒక డౌటండీ. యూనిఫామ్ అయితే అవధి అవిచ్ఛిన్నం. మరి అవధి అవిచ్ఛిన్నంగా వస్తే, కన్వర్జెన్స్ యూనిఫామ్ అయినట్టేనా?'

'నీకేమనిపిస్తోందమ్మా?'

'కాదేమోననిపిస్తోంది. కానీ ఉదాహరణ దొరకట్లేదండీ.'

ఉదాహరణ ఉంది. 0 నుంచి 1 వరకు ఎన్ ఇంటూ ఎక్స్ ఇంటూ (1 మైనస్ ఎక్స్) పవర్ ఎన్ తీసుకుంటే, ప్రతి బిందువు దగ్గరా 0కే పోతుంది, అవధి అవిచ్ఛిన్నమే. కానీ ఎక్స్ విలువ 1/(ఎన్ ప్లస్ 1) దగ్గర ఒక మూపురం లేస్తుంది, దాని ఎత్తు మళ్లీ 1 బై e దగ్గరికే చేరుతుంది. ఆమెకు ఇదేమీ చెప్పలేదు. ఆదివారం కూర్చుని తర్వాతి వారం ప్రాబ్లమ్ షీట్ తయారుచేశాను. మొదటి ప్రశ్నగా ఆమె డౌటునే పెట్టాను. ప్రతి బిందువు దగ్గరా విలువలు ఒకే వైపు తగ్గుతూ వస్తే జవాబు మారుతుందా అన్నది రెండో ప్రశ్న. అది ఇటలీ గణితవేత్త డీని (Dini) పేరు మీదున్న సిద్ధాంతానికి దారి.